ఒక్క దెబ్బ ముందు

మా గోదావరి జిల్లాల్లో సభ పెట్టి, వచ్చిన పెద్దల్లో ఒక్కరిని వేదిక మీదకి పిలవడం మరచిపోయి చూడండి. ఆయన పల్లెత్తు మాట అనడు. నవ్వుతూనే కూర్చుంటాడు, పెట్టిన టిఫిను తింటాడు, "బాగా చేశారండి" అని మెచ్చుకుని మరీ వెళ్తాడు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు మీ గుమ్మం తొక్కితే ఒట్టు. అందుకని పెళ్ళైనా, పశువుల ఆస్పత్రి ప్రారంభోత్సవమైనా, పేరున్న ప్రతివాడికీ వేదిక మీద ఓ కుర్చీ పడాల్సిందే. ఆశాజ్యోతికి ఈ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ రోజు సభ పంటు మీద పెట్టడానికి ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం కూడా ఎక్కువే, కాదనలేకపోయింది.

పంటు ఎక్కని వాళ్ళ కోసం చెప్తున్నాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన నిలబెట్టి, ఇనప దూలాలతో ఒకదానికొకటి బిగించి, పైన బల్లలు పరిస్తే అదీ పంటు. తాటిలంక రేవులో బుల్లబ్బాయి పంటు మీద మోటారు సైకిళ్ళు, కార్లు, అరటి గెలలు, పెళ్ళివారు, అన్నీ దాటతాయి. పోయిన మాఘంలో దాని మీద ఒక రాక్ బ్యాండు కూడా ఎక్కింది.

బ్యాండు పేరు ఎర్రనీరు. వానలు పడి గోదావరికి కొత్తనీరు దిగితే రంగు మారుతుంది చూశారూ, ఆ పేరు. నలుగురు కుర్రాళ్ళు. పాడేవాడు గణేష్‌బాబు, పెనుగొండ పక్కన పెద్ద కమతం ఉన్న ఇంటి పిల్లాడు. గిటార్లు వాయించే ఇద్దరూ అతని కాలేజీ స్నేహితులు. డ్రమ్ముల దగ్గర కూర్చునేవాడు రాజ్ కుమార్, మన ఆశాజ్యోతి తమ్ముడు. నిడదవోలు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లాడు. పేరుకి గోదావరి జిల్లావాడే గానీ, ఆ నదిని రైలు కిటికీలోంచి చూడటమే తప్ప అందులో కాలు పెట్టి ఎరగడు. ఈత రాదు. వాళ్ళమ్మ దేవకుమారి టీచరు గారికి ఆ నది అంటే హడలు. "వాణ్ణి నీళ్ళ దగ్గరికి పోనివ్వకే" అని కూతురికి ఇప్పటికీ ఫోన్ చేసి చెప్తూనే ఉంటారు.

ఆశాజ్యోతికి నిడదవోలు స్టేషను పక్కనే రికార్డింగ్ గది ఉంది. ఎంత పక్కనంటే, గూడ్సు బండి వస్తే పాడేవాళ్ళు నోరు మూసుకుని అది వెళ్ళేదాకా ఆగాల్సిందే. అన్నవరం స్వామి మీద పాటలు పాడించుకునేవాళ్ళూ, చర్చి కోయిర్ వాళ్ళూ, అందరూ ఆమె దగ్గరికే వస్తారు. ఎర్రనీరు వాళ్ళు పంటు మీద పాడిన కచేరీని పట్టింది కూడా ఆమే. మాఘమాసం సాయంత్రం, అద్దంలా నిలబడ్డ నీళ్ళు, గట్టు మీద జనం, పంటు మీద నలుగురే నలుగురు. వీడియో చూసినవాళ్ళకి ఒళ్ళు జల్లుమంది.

ఆ రికార్డింగు మిక్స్ చేసేటప్పుడు ఆశాజ్యోతి రెండు సవరణలు చేసింది.

మొదటిది తమ్ముడి సంగతి. పల్లవి అయిపోయి చరణంలోకి తిరిగేచోట రాజ్ కుమార్ చెయ్యి ఆగదు. రావాల్సిన దెబ్బ ఒక్క రవ్వ ముందే పడిపోతుంది. చిన్నప్పుడు చర్చిలో కోయిర్ వెనక తబలా కొట్టినప్పుడూ అంతే. "మన రాజు మనకంటే ముందే చరణానికి వెళ్ళి తలుపు తీసి నిలబడతాడు" అని పాస్టరు గారు ఆటపట్టించేవారు. ఆల్బమ్ కదా, పదికాలాల పాటు ఉండాల్సింది కదా అని, ఆశాజ్యోతి కంప్యూటర్‌లో ఆ తొందరపడ్డ దెబ్బలన్నీ పట్టుకుని ఎక్కడికక్కడ లెక్క ప్రకారం సర్దేసింది. మూడో పాట 'రేవు దాటాక' పూర్తయ్యాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి వినిపించింది.

వాడు హెడ్‌ఫోన్ తీసి పకపకా నవ్వాడు. "అక్కా, ఇది నేను కాదే. నాకంటే బాగా కొట్టేవాడెవడో."

"నోరు ముయ్యి. రేపు నలుగురూ మెచ్చుకుంటే అప్పుడు తెలుస్తుంది."

"మెచ్చుకుంటారు. వాణ్ణి మెచ్చుకుంటారు" అన్నాడు వాడు, ఇంకా నవ్వుతూనే.

రెండోది ఒక చప్పుడు. డ్రమ్ముల అదురు బాగా పట్టాలని ఆమె బల్లల కింద, రెండు పడవలూ కలిసేచోట, ఒక చిన్న మైకు కట్టింది. అందులో డ్రమ్ముతోపాటు ఇంకోటి కూడా పడింది. టక్. కాసేపాగి, టక్. ఇనుము ఇనుముని పొడిచినట్టు. పాట తాళానికీ దానికీ సంబంధం లేదు. పెద్ద దెబ్బ పడ్డాక, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, అప్పుడు పడేది. ఆశాజ్యోతికి అది ఎందుకో నచ్చలేదు. బుల్లబ్బాయికి ఫోన్ చేసి అడిగింది కూడా.

"దూలం బోల్టమ్మా అది. కాస్త ఆడుతోంది. ఎండల్లో రేవు ఖాళీగా ఉంటది కదా, అప్పుడు బిగించేస్తాను" అన్నాడతను.

ఆ మైకులో పడిందంతా ఆమె తీసేసింది. చప్పుడు పోయింది, ఆల్బమ్ కడిగిన ముత్యంలా తయారైంది.

ఇక రిలీజు సంగతికొద్దాం. కుర్రాళ్ళ ఆలోచన చాలా చిన్నది. రాజమండ్రిలో ఓ చిన్న హాలు, స్నేహితులు, తెర మీద వీడియో. కానీ గణేష్‌బాబుకి భీమరాజు గారనే మేనమామ ఉన్నారు. సభలంటే ఆయనకి ప్రాణం. ఎక్కడ నలుగురు పోగైనా అక్కడ మైకూ శాలువా ఉండాలంటారు. మేనల్లుడి వీడియో చూసి మురిసిపోయి, మొత్తం భారం తన భుజాన వేసుకున్నారు.

"ఎక్కడ పాడారో అక్కడే రిలీజు. అదే పంటు. పైగా ఇప్పుడు నిజంగా ఎర్రనీరే వచ్చింది కదండీ. ఇంతకంటే ముహూర్తం ఏం కావాలి?" అన్నారాయన.

అది శ్రావణం. పైన ఎక్కడో వానలు కురిసి గోదావరి ఉరుకులు పెడుతోంది. రేవు మెట్లు సగానికి పైగా మునిగాయి. కొట్టుకొచ్చే చెట్టుకొమ్మలు, గుర్రపుడెక్క తెప్పలు చూస్తుండగానే కనుమరుగవుతున్నాయి. స్కూలు గ్రౌండులో పెట్టుకుందామని ఆశాజ్యోతి గణేష్‌బాబుతో అని చూసింది.

"మావయ్య ఫ్లెక్సీలు కొట్టించేశాడక్కా, పంటు బొమ్మతో. ఇప్పుడేం చెప్పను?"

అదండీ సంగతి. ఫ్లెక్సీ పడిపోయాక వరద మాత్రం ఆపగలదా?

సభ రోజు సాయంత్రం ఆశాజ్యోతి గట్టు మీద టెంటు కింద తన మిక్సర్ బల్ల సర్దుకుంది. కుర్రాళ్ళు రెండు పాటలు వాయిస్తారు కాబట్టి, బల్లల కింది మైకు మళ్ళీ అక్కడే కట్టింది. పంటు ముందు పడవ గట్టుకి ఆని ఉంది, మోకులన్నీ దానికే కట్టారు. వెనక పడవ నది వైపు. డ్రమ్ములు ఆ వెనక పడవ మీద, చిట్టచివర. రాజ్ కుమార్ వాటి మధ్య కొత్త చొక్కాలో కూర్చుని అక్కకి చెయ్యి ఊపాడు. వాడి వీపు వెనక ఇక చెక్క లేదు, నీళ్ళే.

బుల్లబ్బాయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ఈ నీటి ఊపుకి పైన పాతికమందిని మించి ఎక్కించకూడదు. భీమరాజు గారితో ఓ మాట చెప్పవా?"

"మీరే చెప్పండి బాబాయ్. పంటు మీది కదా."

"నేనెలా చెప్పనమ్మా, ఆయన మా అమ్మాయి పెళ్ళికి నిలబడ్డ మనిషి. నీ మాటైతే వింటారు."

"ఆ బోల్టు బిగించారు కదా?"

బుల్లబ్బాయి నది వైపు చూశాడు. "ఎండల్లో రేవు ఖాళీ అవలేదమ్మా ఈ ఏడు" అన్నాడు మెల్లగా.

ఆశాజ్యోతి సర్దుతున్న వైర్లు వదిలేసింది. లేచి భీమరాజు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పట్టు పంచెలో వెలిగిపోతూ, వచ్చినవాళ్ళని కౌగిలించుకుంటున్నారు. "రామ్మా రా, ఇదిగోనండి, మన పిల్లల్ని ఇంత చేసిన ఆశాజ్యోతి ఈ అమ్మాయే" అని నలుగురికీ పరిచయం చేశారు. ఆ నలుగురూ నమస్కారాలు పెట్టారు. ఆమె కూడా పెట్టింది. నోటిదాకా వచ్చిన మాట ఆ నమస్కారాల్లో ఎక్కడో జారిపోయింది. మొహమాటం ఎంత చెడ్డదో చూడండి, దాని చేతిలో కర్ర ఉండదు, కత్తి ఉండదు, అయినా మనిషి పీక నొక్కేస్తుంది.

సభ మొదలైంది. వ్యాఖ్యాత తాతాజీ మాస్టారు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు, అయినా వదలరు.

"మన ప్రాంతం గర్వించదగ్గ రైతు నాయకులు శివరామకృష్ణ గారిని వేదిక మీదకి సాదరంగా ఆహ్వానిస్తున్నాం!"

చప్పట్లు. ఆయన చెక్క వంతెన మీదుగా పంటు ఎక్కారు. శాలువా కప్పారు, కూర్చోబెట్టారు. ఆయన తర్వాత చంద్రరావు గారు. తర్వాత సర్పంచి గారు, మాజీ సర్పంచి గారు, వాళ్ళిద్దరికీ పడదు కనుక మధ్యలో కూర్చోవడానికి ఇంకో పెద్దాయన. మహిళా సంఘం తరఫున సత్యకుమారి గారు, ఆవిడ ఒక్కరే వస్తే బాగుండదని పక్కన వెంకటదుర్గ గారు. పేరు పిలిస్తే చాలు, మనిషి ఎక్కుతున్నాడు. కుర్చీలు అయిపోయాయి, బెంచీలు ఎక్కించారు. బెంచీలు నిండిపోయాయి, నిలబడ్డారు.

ఆశాజ్యోతి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. బల్లల కింది మైకు ఒక్కటే తెరిచి విన్నది.

టక్.

అదే చప్పుడు. మాఘంలో విన్నదే. అప్పుడు ఊపిరి తీసుకుని ఆగేది. ఇప్పుడు ఆగడం తగ్గింది. చెక్క వంతెన మీద ఒక్కో మనిషి కాలు పెట్టినప్పుడల్లా ఒకటి. టక్, టక్. దాని వెనకాలే సన్నగా, ఇనుము సాగుతున్నట్టు, ఒక మూలుగు.

ఆమె తాతాజీ మాస్టారి వైపు రెండు చేతులూ ఎత్తి, చాలు చాలు, ఇంకెవరినీ పిలవొద్దని ఊపింది. ఆయన చూశారు. కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూశారు. ఆయన మొహంలో నొచ్చుకున్న రంగు కనపడింది. అయ్యో, ఎంత పొరపాటు జరిగిపోయింది అన్నట్టు చెంపలేసుకున్నారు.

"క్షమించాలి! అసలు మనిషినే మరచిపోయాం! ఈ ఆల్బమ్‌కి ప్రాణం పోసిన సౌండ్ ఇంజనీరు కుమారి ఆశాజ్యోతి గారిని వేదిక మీదకి సాదరంగా, సగౌరవంగా..."

చప్పట్లు మారుమోగాయి. ఆశాజ్యోతి వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ముందు వరసలో కూర్చున్న ఓ పెద్దావిడ "పిచ్చితల్లి, ఆనందం" అంది.

పిలుపుల మధ్య భీమరాజు గారు లాప్‌టాప్ మీట నొక్కారు. ఎల్‌ఈడీ తెర మీద వీడియో వెలిగింది. అక్కడికక్కడే జనం ఫోన్లు తీసి అదే వీడియో పెట్టుకున్నారు. తాంబూలం సంచిలో అరటిపండూ ఆకూ వక్కతోపాటు, కార్లో పెట్టుకుని వినేలా, ఆల్బమ్ ఉన్న పెన్‌డ్రైవు పెట్టించారు భీమరాజు గారు. అవతలి గట్టు వాళ్ళు, చీకటి పడితే పడవ కట్టేస్తారని, సంచులు అందుకుని చిన్న మోటారు పడవలో అప్పటికే దాటిపోయారు.

"ఒక్క గ్రూప్ ఫోటో!" అని గట్టు మీంచి ఫోటోగ్రాఫర్ అరిచాడు. "వెనకాల ఉన్నవాళ్ళు ముందుకి రండి సార్, ఫ్రేములో పట్టట్లేదు. ఇంకా ముందుకి. ఇంకా."

పంటు మీద ఉన్న పెద్దలందరూ గట్టు వైపుకి జరిగారు. గణేష్‌బాబూ గిటార్ కుర్రాళ్ళూ కూడా వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డారు. డ్రమ్ముల వెనక ఉన్నవాడు ఫోటోల్లో ఎప్పుడూ సగమే పడతాడు, అందుకని రాజ్ కుమార్ కదల్లేదు. గట్టు వైపు పడవ బరువుకి కిందకి దిగింది. నది వైపు పడవ, తమ్ముడితో సహా, తేలిగ్గా పైకి లేచింది. హెడ్‌ఫోన్‌లో టకటకలు కలిసిపోయి ఒకటే రొద అయింది.

ఆశాజ్యోతి ఇక ఆలోచించలేదు. మెయిన్ స్విచ్చి లాగేసింది.

మైకు పోయింది, తెర పోయింది, పాట పోయింది. అంతసేపటి హోరు ఆగేసరికి రేవంతా చెవులు మూసుకున్నట్టయింది. ఆ నిశ్శబ్దంలో, హెడ్‌ఫోన్ లేకుండానే, అందరికీ వినిపించింది.

టక్. క్ర్‌ర్... టక్.

పంటు మీద మొహాలన్నీ ఒక్కసారి మారిపోయాయి.

"దిగండి! అందరూ దిగండి! మెల్లగా!" అని అరిచింది ఆశాజ్యోతి. "రాజూ, నువ్వు ముందు రారా!"

దిగడానికి ఉన్నది ఒక్క చెక్క వంతెన. దాని ముందు చంద్రరావు గారూ శివరామకృష్ణ గారూ ఉన్నారు. ఇద్దరికీ భయంగానే ఉంది. అయినా చంద్రరావు గారు ఒక అడుగు పక్కకి వేసి, "మీరు పదండి" అన్నారు.

"అబ్బే, పెద్దవారు, మీరు ముందండి."

"మీరుండగా నేనెలాగండి?"

"అమ్మగార్లని దిగనివ్వండి ముందు."

"మాకేం ఫర్లేదండి, మీరు కానివ్వండి" అన్నారు సత్యకుమారి గారు.

నవ్వొస్తోందా? గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకి ఇప్పటికీ నవ్వు రాదు. అందరూ వంతెన దగ్గరే గుమిగూడారు, ఎవరూ ముందుగా అడుగు వెయ్యరు. ముందు పడవ అంచు నీటికి జానెడు దూరంలోకి వచ్చింది. వెనక, డ్రమ్ముల మధ్య లేచి నిలబడ్డ రాజ్ కుమార్‌కి దారి ఉంది. పెద్దల మధ్యనుంచి తోసుకుంటూ వస్తే రావచ్చు. రైల్వే క్వార్టర్స్ పిల్లాడు, టీచరమ్మ పెంపకం, శాలువాలు కప్పుకున్న వాళ్ళని భుజంతో ఎలా తోస్తాడు?

"నువ్వు రారా ముందు!" అని అక్క గొంతు చించుకుంది.

"పెద్దోళ్ళని దిగనీ అక్కా!" అన్నాడు వాడు.

బోల్టు తెగింది. తుపాకీ పేలినట్టు ఒక్కటే చప్పుడు. బల్లలు పటపటా లేచాయి. ముందు పడవ గట్టు వైపుకి ఒరిగి, పెద్దలందరూ శాలువాలతో సహా నడుంలోతు బురదనీళ్ళలో పడ్డారు. జనం దూకి ఒక్కొక్కరినీ లాగారు. మోకులన్నీ ఆ పడవకే కదా, అది ఎక్కడికీ పోలేదు. వెనక పడవకి మాత్రం మోకు లేదు. అది నిదానంగా, ఎవరో తలుపు తీసినట్టు తెరుచుకుని, చుట్టూ తిరిగి, ఎర్రనీటి ఉరుకులోకి వెళ్ళిపోయింది. దాని మీద తాళ్ళతో కట్టిన డ్రమ్ములు, వాటిని పట్టుకుని రాజ్ కుమార్.

ఆశాజ్యోతి గట్టు వెంట పరిగెత్తింది. ముళ్ళూ రాళ్ళూ ఏవీ చూడలేదు. చీకటి ముసురుకుంటోంది, పైగా సన్నగా తుంపర. ఇంకాసేపటికి మనిషి కనపడడు. ఏం తోచిందో ఏమో, ఆమె నోట్లోంచి ఒకటే మాట వచ్చింది.

"వాయించరా! ఆపకుండా వాయించు! ఆ చప్పుడు పట్టుకుని వస్తాం!"

వాడికి వినిపించింది. తుంపరలో మసకబారుతున్న పడవ మీంచి డ్రమ్ము మొదలైంది. చెయ్యి వణుకుతున్నట్టు తెలుస్తోంది, అయినా వాయిస్తున్నాడు. లంక మలుపు దాటేదాకా వినిపించింది. ఆ తర్వాత నీటి హోరు దాన్ని మింగేసింది.

బుల్లబ్బాయి మోటారు పడవ తీశాడు. అతనితో గణేష్‌బాబూ ఆశాజ్యోతీ ఎక్కారు. పడవ కొంతదూరం వెళ్ళడం, ఇంజన్ ఆపి వినడం, మళ్ళీ వెళ్ళడం. ఆమె ఫోన్ మోగింది. అమ్మ. ఆశాజ్యోతి తెర వైపు చూస్తూ ఉండిపోయింది. మోగి మోగి అదే ఆగింది.

"బోల్టు నేను బిగించాల్సింది" అన్నాడు బుల్లబ్బాయి, ఎవరితోనూ కాదు.  ఆమె అతన్ని ఏమని తప్పుపడుతుంది? ఆ చప్పుడుని అందరికంటే ముందు విన్నది ఆమె, చెరిపేసింది కూడా ఆమే.

లంక మలుపు దాటాక నది రెండు పాయలైంది. కుడివైపు పాయ అవతలి గట్టు వెంట పోతుంది. ఎడమవైపుది తిన్నగా సముద్రం దారి. బుల్లబ్బాయి ఇంజన్ ఆపాడు. ముగ్గురూ చెవులు రిక్కించారు.

కుడివైపు, దూరంగా, డ్రమ్ము.

గణేష్‌బాబు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వాడే! అక్కా, వాడే! వినపడుతోందా? 'రేవు దాటాక'! వాడికి పిచ్చి ఇష్టం కదా ఆ పాటంటే!" ఫోన్ తీసి గట్టు మీదవాళ్ళకి చెప్పేశాడు. వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పాడు. "దొరికాడు మావయ్యా, వాయిస్తున్నాడు, కుడిపాయలో!"

గట్టు మీద ఎవరో మెయిన్ స్విచ్చి మళ్ళీ వేశారు. నీళ్ళ మీదుగా తాతాజీ మాస్టారి గొంతు తేలుతూ వచ్చింది. "భగవంతుడి దయవల్ల మన రాజ్ కుమార్ క్షేమంగా ఉన్నాడని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం!" దాని వెనకాల చప్పట్లు. ఇందాకటి చప్పట్లకంటే ఎక్కువ.

బుల్లబ్బాయి పడవ ముక్కు కుడిపాయ వైపు తిప్పాడు. "నీ తమ్ముడు గట్టివాడమ్మా" అన్నాడు. 

ఆశాజ్యోతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒక్క నిమిషం ఉండండి బాబాయ్."

ఆమె కళ్ళు మూసుకుంది. దూరానికి మాట అందదు, గిటార్ అందదు, డ్రమ్ము ఒక్కటే అందుతుంది, ఆమెకి తెలుసు. పల్లవి నడుస్తోంది. ప్రతి దెబ్బా స్పష్టంగా, నిండుగా, వణుకు లేకుండా. పల్లవి చివరికి వచ్చింది. ఇదిగో మలుపు. ఆమె పెదాలు కదిలాయి. ముందు కొట్టరా, ఒక్క రవ్వ ముందు, చిన్నప్పటినుంచీ కొట్టినట్టు, ఒక్క దెబ్బ.

దెబ్బ పడింది. ఎక్కడ పడాలో అక్కడే, లెక్క ప్రకారం, ఆమె ఎక్కడ పెట్టిందో అక్కడే.

అవతలి గట్టు మీద, తాటిచెట్ల మధ్య, తలుపులు తీసి ఆపిన కారు దీపాలు రెండు కనపడ్డాయి.

"పదమ్మా, ఆలస్యమైపోద్ది" అన్నాడు బుల్లబ్బాయి.

"ఎడమపాయకి పోనివ్వండి బాబాయ్" అంది ఆశాజ్యోతి. అటువైపు చీకటి, నీటి హోరు తప్ప ఇంకేమీ లేదు.

"అదేంటమ్మా? డ్రమ్ము ఇటు కదా!"

"అది మావాడు కాదు" అంది ఆమె. "మావాడు అక్కడ తప్పు కొడతాడు."